నోరీన్ బెంచ్ ఎత్తు

ఆగస్టు 29

నరాల జబ్బుతో నా భార్య నోరీన్ నిలబడటం ఇక అయిపోయింది. నిన్నటి దాకా తూటాలు నింపుకునే బెంచ్ అంచు పట్టుకుని నిలబడేది. ఇవాళ పట్టుకున్నా కాళ్ళు ఆగలేదు. రెండుసార్లు పడింది, రెండుసార్లూ నేనే ఎత్తాను.

కౌంటీ నర్సు గ్లెండా వచ్చి వీల్‌చైర్ దించి వెళ్ళింది. వెళ్తూ నన్ను బయటికి పిలిచింది. చూడు లైల్, నీ రెండు చేతులూ ఆమెను మంచం మీదికి ఎత్తినన్నాళ్ళూ ఆమె ఇంట్లో ఉంటది, ఎత్తలేని రోజున మంచానపడ్డవాళ్ళ హోమే, ఇందులో దాచేదేం లేదు అంది. మిల్లులో ముప్పై ఏళ్ళు దుంగలు మోసిన చేతులివి. ఆ మాటే చెప్పి పంపాను.

ఆగస్టు 31

ఈ వేట సీజన్‌కి జింకను కొట్టే ట్యాగ్ వచ్చింది, బండిలోంచి కాల్చే పర్మిట్ కూడా వచ్చింది, తూటాలు మాత్రం నేనే నింపుకుంటా అంది నోరీన్. కొట్లోవి తెస్తానన్నాను. కొట్లో కొన్న తూటాతో మా అమ్మే జింకని కొట్టలేదు, నేను కొడతానా అంది.

ఆమె బెంచ్ నిలబడి పనిచేసే ఎత్తు. కుర్చీలోంచి చూస్తే గడ్డం దానికి ఆనుతోంది. కాళ్ళు కోసేస్తానన్నాను. నావా, బెంచ్‌వా అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సెప్టెంబర్ 3

కోశాను. మరీ ఎక్కువ కోశాను. కుర్చీ చేతులు బల్లకు కొట్టుకుని లోపలికి వెళ్ళడం లేదు.

సెప్టెంబర్ 6

కాళ్ళ కింద దిమ్మలు పెట్టి లేపాను. కుర్చీ దూరింది. కానీ గుండు బిగించే ప్రెస్ మీట అందుకోవడానికి ఆమె భుజం లేవడం లేదు. పైగా కన్ను అందదు. అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్ దిగిన ఇత్తడి గుల్లలన్నీ చెక్క ట్రేలో నిలబెట్టి, ఒక్కోదాంట్లో తుపాకి మందు పోసి, టార్చి పట్టుకుని వంగి చూడాలి. అన్నిట్లో ఒకే మట్టం ఉందా, ఏదైనా ఖాళీగా ఉందా అని. అప్పుడు పైన గుండు బిగించాలి. బిగించాక లోపల ఏముందో దేవుడికే తెలుసు.

సాయంత్రం మళ్ళీ దించాను. ఈసారి మీట కిందికి వచ్చినప్పుడల్లా ఆమె మోకాలికి కొడుతోంది. కాళ్ళలో స్పర్శ లేక ఆమెకు తెలియడం లేదు. పడుకోబెట్టేటప్పుడు నీలం మచ్చ చూసి నాకు తెలిసింది.

సెప్టెంబర్ 9

మోకాలికీ, మోచేతికీ, కంటికీ ఒకే ఎత్తు కుదరడం లేదు.

మిల్లులో నాతో పనిచేసిన డెల్ వచ్చాడు. ఒరేయ్ లైల్, ఆ టార్చి పట్టుకుని నువ్వే చూసి పెట్టొచ్చు కదరా అన్నాడు. నోరీన్ విననే వింది. ఏం డెల్, మీ ఆవిడ పళ్ళు నువ్వు తోముతున్నావా అంది. డెల్ కాఫీ కూడా పూర్తి చెయ్యలేదు.

ఈ లోయలో ఒకరి బెంచ్ మీద ఇంకొకరు చెయ్యి పెట్టరు. ఒకరు నింపిన తూటా ఇంకొకరు కాల్చరు. మొగుడూ పెళ్ళాలైనా అంతే. మా ఇంట్లో రెండు బీరువాలు, రెండు తాళాలు.

సెప్టెంబర్ 14

కొంచెం పెద్ద దిమ్మలు కోసి బెంచ్ మళ్ళీ లేపాను. నడుము పట్టేసింది. ఆమెను మంచం మీదికి ఎత్తేటప్పుడు నొప్పి ఆపుకోలేక అరిచాను. ఆమె మొహం తిప్పుకుంది.

తర్వాత కుర్చీ బెంచ్ దగ్గరికి తోసి ఎలా ఉందని అడిగాను. రెండు అరచేతులూ బల్ల మీద పరిచింది. బాగా కుదిరింది లైల్, ఇంక ఆ రంపం దాచెయ్ అంది. చిన్నపిల్లాడిలా ఈల వేసుకుంటూ రంపం దాచాను.

సెప్టెంబర్ 20

ఆమె తూటాలు నింపుతోంది. మందు పోసేటప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. రేడియో కట్టేసి వంటింట్లో కూర్చున్నాను. ఎన్నాళ్ళకో ఆ మీట చప్పుడు వింటున్నాను. హాయిగా ఉంది.

అక్టోబర్ 12

కాగితం కదలకుండా పట్టుకునే చెయ్యి లేదు. డైరీ మీద కాఫీ కప్పు పెట్టి రాస్తున్నాను.

పోయిన ఆదివారం రైఫిల్ గురి సరిచూడటానికి గులకరాళ్ళ గుంటకు వెళ్ళాం. డెల్ కూడా వచ్చాడు. నోరీన్ ఒకటి కాల్చింది. తుపాకి వెనక్కి తన్నిన తన్నుకు భుజం ఆగలేదు, కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. నావల్ల కాదు, నువ్వే కాల్చి చూడు లైల్ అంటూ తూటాల పెట్టె నా ఒళ్ళో పెట్టింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తన తూటా నా చేతికివ్వడం అదే మొదలు. చేతులు తుడుచుకుని మూత తీశాను.

మొదటిది బాగా పేలింది. రెండోది టప్‌మంది, అంతే. తన్ను లేదు. ఆగరా, గొట్టంలోంచి వెలుగు కనపడుతోందో లేదో చూడు అని డెల్ కేకేశాడు. మందు లేని తూటా అయితే ప్రైమర్ తోపుకే కదిలి గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది, దాని వెనక ఇంకోటి కాలిస్తే రైఫిలే పగులుతుంది. ఇక్కడ అందరికీ తెలిసిన సంగతే, నాకూ తెలుసు. కానీ గొట్టంలోకి చూడటమంటే, డెల్ ఎదురుగా, నోరీన్, నువ్వు మందు పొయ్యడం మరిచిపోయావు అని చెప్పడమే. అదీ తన తూటా నాకిచ్చిన ఆ రోజున. ప్రైమర్‌కి తడి తగిలి ఉంటుందిలే అన్నాను. ఇంకోటి పెట్టాను. కొంచెం బిగుతుగా వెళ్ళింది. తోసి కాల్చాను.

రైఫిల్ పగిలిపోయింది. కళ్ళు దక్కాయి. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర తీసేశారు.

అక్టోబర్ 15

నోరీన్ చెప్పింది. ఆ ఎత్తులో నాకు గుల్లల అంచులే తప్ప లోపల ఏమీ కనపళ్ళేదు లైల్, వరసగా పోసుకుంటూ పోయా అంది. మరి చెప్పలేదేం అన్నాను. నడుము పట్టి అరిచావు కదా, నీ చేత మళ్ళీ రంపం పట్టించలేకపోయా అంది.

గొట్టంలోకి ఎందుకు చూడలేదో నేనూ చెప్పాను. ఆ బలం లేని చేత్తో నా రొమ్ము మీద కొట్టింది. నా పరువు కోసం చెయ్యి పోగొట్టుకుంటావుట్రా, దున్నపోతా అని తిట్టింది. నాకూ కోపం వచ్చింది. ఆమె మీదే వచ్చింది. సిగ్గులేకుండా రాస్తున్నాను, ఇంకా పోలేదు.

అక్టోబర్ 19

గ్లెండా వచ్చింది. ఏదీ, ఆమెను ఎత్తి చూపించు అంది. ఎత్తాను. ఇద్దరం కలిసి పడ్డాం. నేల మీది నుంచే నోరీన్, చాల్లే గ్లెండా, ఎండ తగిలే గది ఉందేమో కనుక్కో అంది.

అక్టోబర్ 25

సీజన్ మొదలైంది. కొండ మీద తుపాకుల చప్పుడు. కిటికీ మూసెయ్యమంది.

నవంబర్ 2

ఆమెను హోమ్‌లో దించాను. భోజనాల బల్ల కిందికి ఆమె కుర్చీ ఎక్కడా తగలకుండా వెళ్ళిపోయింది. చూడు, ఇదీ ఎత్తంటే, కొలుచుకో అంది. జేబులోంచి కొలత టేపు తీశాను, లాగడానికి రెండు చేతులు కావాలి. ఒక కొస తనే పట్టుకుంది.