నలుగురు కూడొద్దన్న చాటింపు

మానుకోట,
స్టేషను వెనుక వాడ.

పెద్దక్క లచ్చవ్వకు తమ్ముడు నర్సయ్య దండం పెట్టి రాసేది. నేనిక్కడ బాగనే ఉన్న. కొడకండ్లల నువ్వు, బావ, పిల్లలు అందరు మంచిగున్నరనుకుంట. నీ మోకాలు నొప్పి ఎట్లున్నది? వావిలాకు కాపడం రోజూ పెట్టుకుంటున్నవా, యాదికొచ్చినప్పుడేనా? నా గురించి రంది పెట్టుకోకు. పేపర్ల రాసేదంత మా వాడల జరుగలేదు. కొంచెమే జరిగింది.

ప్రత్యేక తెలంగాణ గొడవలు మొదలైనకాన్నుంచి మిల్లు బందు. వడ్లు వస్తలేవు, బియ్యం పోతలేవు. కాపలాకు నన్ను ఉంచిండ్రు గని, ఖాళీ మిల్లుల కాసేదేమున్నది? ఎలుకలు సుత వలస పోయినయి. జొన్నరొట్టె, పచ్చిపులుసు దొరుకుతున్నయి, తిండికి పరేషాన్ లేదు. ఎండలు మాత్రం మండుతున్నయి. కూసుంటే లేవబుద్ధయితది, లేస్తే యాడికి పోవాల్నో తెల్వది.

మా పక్కింట్ల సుభద్రమ్మ అని ఆంధ్ర దిక్కు ఆమె ఉంటది. పెనిమిటిది రైల్వేల కొలువు. వాళ్ళొచ్చి నెల సుత కాలే. ఆయన డ్యూటీ మీద డోర్నకల్ పోయిండు, రైళ్ళు ఆగినయి, అక్కడనే చిక్కుకున్నడు. ఇంట్ల ఈమె, చంటిపిల్ల. ఆంధ్రోళ్ళ ఇండ్ల మీదికి పోతరని ఊర్ల పుకారు. ఆమె గోడ అవుతలి నుంచి, "మమ్మల్ని ఏమైనా చేస్తారాండీ?" అని అడిగినప్పుడల్లా, "ఏం కాదు బిడ్డా" అంటున్న. అనుడు అలకనే, నమ్ముడే కష్టం.

ఇంతల స్టేషను గోడకు సర్కారు కాయితం అంటిచ్చిండ్రు, నలుగురు ఒక్కచోట కూడొద్దు, కూడితే లాఠీలేనని. మా వాడల చదువొచ్చినోళ్ళు తక్కువ. కూడబలుక్కొని చదువు నేర్సుకున్నోణ్ణి నేనుండి, జనానికి ఎరుక చెయ్యకుంటే ఎట్ల? డప్పు మల్లయ్యను పిలిచి చాటింపు వేయించిన.

అక్కా, మనూర్ల డప్పు మోగితే ఏం చేస్తరో నీకు ఎరుకే. తినేటోడు తింటున్న చేయితోనే వాకిట్లకొస్తడు. బావ ఓసారి సగం గడ్డం గీసుకొని ఉరికొచ్చిండు, అది గొర్రెల టీకాల చాటింపు, మీకేమో గొర్రెలే లేకపాయె. ఈ వాడోళ్ళు సుత ఏదో ఒక ఊరి నుంచి వచ్చినోళ్ళే గద. మల్లయ్య రెండు దెబ్బలు కొట్టిండో లేదో, పిల్లాజెల్లా అందరు బయటికి. పక్క గల్లీ వాళ్ళు సుత వచ్చిండ్రు. నేను బండెక్కి నిలబడి, గల్లీ నిండ ఉన్న జనానికి, "ఎవ్వరు కూడొద్దు" అని ఒర్లుతున్న. అప్పుడే జీపొచ్చింది.

లాఠీలు లేచినయి. మల్లయ్య డప్పు పగిలింది, నా వీపు పగల్లేదంతే. ఉరుకులాటల సుభద్రమ్మ, "బాబోయ్, చంటిపిల్లండీ!" అని కేకేసింది. మూల మీద నిలబడ్డ కాలేజీ పోరగాండ్ల చెవుల ఆ ఆంధ్ర యాస పడ్డది. ఆంధ్రామె యాడున్నదో నా చాటింపే వాళ్ళకు ఎరుక చేసింది.

నేను కిరాయికున్న ఇంటామె యాకమ్మ నన్ను కడిగిపారేసింది. "ఓ నర్సన్నా, కబురు చెప్పుటానికి డప్పెందుకు? మేం పొద్దుమాపు నిప్పుకు పోతలేమా?" అన్నది. నిజమే. ఒక ఇంట్ల పొయ్యి రాజుకుంటే కుండపెంకుల నిప్పు పక్కింటికి, అక్కడి నుంచి అవుతలింటికి. ఒక్క ఆడిమనిషి పెంకు పట్టుకొని పోతే పోలీసోడు ఏమంటడు? నిప్పుతోని కబురు. అయితే సుభద్రమ్మకు కిరసనాయిలు స్టవ్వు. ఆమె నిప్పుకు ఏనాడు రాలేదు, కబురు సుత అందలేదు. "గర్వం" అనుకున్నరు వీళ్ళు.

యాకమ్మ మూడు రాళ్ళు మోసుకపోయి సుభద్రమ్మ ఇంట్ల పొయ్యి పెట్టింది. "పొగ వస్తుందండీ" అంటే, "రానియ్యి, కబురు సుత వస్తది" అన్నది.

తెల్లారి మాపటికి నిప్పుతోని కబురొచ్చింది, పోరగాండ్లు వస్తున్నరని. సుభద్రమ్మ గడియ పెట్టుకున్నది. తతిమా ఆడోళ్ళు ఎవరి ఇంటి కడపల వాళ్ళు నిలబడ్డరు. సర్కారు హుకుం తప్పలేదు సుమా, ఏ కడపల నలుగురు లేరు.

"ఆంధ్రామె ఇల్లేది?" అన్నడు ముందున్న పొడుగోడు.

"ముందుగాల నువ్వెవరివి? గాజులమ్మే సత్తెమ్మ కొడుకువు గాదూ?" అన్నది యాకమ్మ. "బాలింతల ఇండ్లు ఎతుకుతున్నవని మీ అవ్వకు ఎరుకేనా?"

"అది కాదు పెద్దమ్మా, మన కొలువులు..."

"కొలువుల సంగతి కొలువుల కాడ అడుగు. గిది వంటిల్లు."

వాళ్ళ కడుపుమంట నాకు తెల్వనిది కాదక్కా. మన పిల్లలు చదువుకొని ఖాళీగ తిరుగుతున్నరు, అది నిజం. గని పాలు తాగే పిల్ల ఎవరి కొలువు గుంజుకున్నది? పోరగాండ్లు తలకాయలు దించుకొని పోయిండ్రు. మళ్ళ వస్తమన్నోడు ఒకడున్నడు. అందుకే నా కాళ్ళు ఒక్కచోట నిలుస్తలేవు.

మొన్న పగటీలి ఒకాయన వచ్చిండు. మాసిన గడ్డం, కాళ్ళ నిండ దుమ్ము. మొదటి కడపల, "ఎవరివి? ఏం పని?" రెండో కడపల అదే. యాకమ్మయితే చేతులడ్డం పెట్టింది. సుభద్రమ్మ గొంతు గుర్తువట్టి బయటికొచ్చి ఏడిస్తే తెలిసింది, డోర్నకల్ నుంచి పట్టాల ఎంబడి నడిసొచ్చిన పెనిమిటని.

"నా ఇంటికి నేను వెళ్ళడానికి ఇంతమందికి జవాబు చెప్పాలా అండీ?" అన్నడాయన.

"చెప్పాలె మరి" అన్నది యాకమ్మ.

బదిలీకి అర్జీ పెట్టుకుంటడట. సామాన్లు కట్టమన్నడు. ఆమె సగం కట్టి ఊకున్నది. పోతరో ఉంటరో నేను అడుగలేదు. అయితే ఈ పొద్దున ఆయనే పెంకు పట్టుకొని యాకమ్మ కడపల నిలబడ్డడు. మొగోడు నిప్పుకు వచ్చుడేందని ఆడోళ్ళంత కొంగు అడ్డం పెట్టుకొని నవ్విండ్రు. ఆయన నవ్వలేదు. పెంకు ముందుకు చాపి, "ఏమిటండీ ఇవాళ కబురు?" అన్నడు.

వచ్చేటోళ్ళుంటే నీ చేతి పండుమిరప తొక్కు కొంచెం పంపు. బావకు దండాలు, పిల్లలకు దీవెనలు. నీ చల్లని చేయి నా నెత్తి మీద ఉండాలె.

ఇట్లు నీ తమ్ముడు,
నర్సయ్య