సానెట్ ఎవరి పిల్ల?

సైనిక ఆసుపత్రి, బీహారు
ఆగస్టు 1943

పూజ్యులైన నాయనగారికి ఆనందం వందనాలు.

ఇక్కడ బర్మా యుద్ధంలో గాయపడిన చైనా సైనికులకు కట్లు కడుతున్నాను. వారిలో లిన్ అనే లెఫ్టినెంటు కవి. నాతో ఇంగ్లీషులో మాట్లాడతాడు. ఆయనకు సానెట్టే ప్రాణం. సానెట్ పుట్టింది ఇటలీలో, పెరిగింది ఇంగ్లాండులో. లిన్ చేతికి వచ్చాక మాత్రం అచ్చం పాతకాలపు చైనా నడకే. నాకూ సానెట్ మీద మనసు పోయింది. సెలవుకు వచ్చేటప్పుడు వెంట తెస్తాను.

మీ విధేయుడు
ఆనందం

*

జమ్మలమడుగు, కడప జిల్లా

చిరంజీవి ఆనందానికి నాయన గాబ్రియేలు దీవెనలు.

ఏమప్పా, కట్లు కట్టేకి పోయి ఏం చేస్తాండావు? పరాయోని ప్రాణమని నువ్వే రాస్తివి. మళ్లీ ఆ పిల్లనే తెస్తానంటావా? యాడో ఇటలీలో పుట్టిన పిల్ల ఈడ జొన్నసంగటి తింటాదా? పక్కింటి హుసేనమ్మకు తెలిసె. ఇంక ఊరంతా తెలిసినట్లే.

కోపంతో, నీ నాయన

తా.క.: మీ అమ్మ శానా ఏడ్చె. ఏడ్చినాక, ఆ పిల్ల రైక కొలతలు పంపమనె.

*

నాయనగారికి వందనాలు.

సానెట్ పిల్ల కాదు నాయనా, పద్యం! దానికి పద్నాలుగు పాదాలు. మీ ఉత్తరం వినిపిస్తే లిన్ గాయం నొప్పెట్టేదాకా నవ్వాడు.

"మా పెద్దలూ అలాగే అడిగారు, పరాయిది మనకెందుకని," అన్నాడు. "కొలత బయటిదే. కానీ పాదాలను జంటగా నడపడం, విడిపోయే స్నేహితుడికి పద్యం రాసివ్వడం మా పాత కవుల దగ్గర నేర్చుకున్నవి."

ఆయన ఊరు బాంబులకు కాలిపోయింది. ఇంట్లో ఎవరూ మిగల్లేదు. "నా సానెట్‌కు మీ ఇంట్లో చోటిస్తారా?" అని అడిగి, నాకొకటి రాసిచ్చాడు. ఇద్దరం కూర్చుని తెలుగు చేశాం. అందులో ఒక జంట:

నా నది నీ ఊరికి రాదు,
నీ పెన్న నా ఊరికి పోదు.

ఆ వారమే జ్వరం ముదిరి లిన్ చనిపోయాడు. పద్యం మొత్తం దీనితో పంపుతున్నాను.

ఆనందం

*

చిరంజీవి ఆనందానికి,

ఆదివారం చర్చికి శానామంది వచ్చిరి, ఇటలీ కోడలు దిగిందనుకొని. నేను లేసి పద్యం చదివితి. ఆ లిన్ పేరున గంట కొట్టించినాము.

బయట హుసేనమ్మ అడిగె, "ఎవరి కొడుకు గాబ్రియేలన్నా, ఆ పోయినాయప్ప?"

"మావాడేమ్మా," అంటి.

దీవెనలతో
నాయన

తా.క.: ఆఖరి పాదం నేను చదివేలోపలే మీ అమ్మ లేసి చెప్పె: "తలుపు తీసే ఉంచండి, వాన వెలిశాక వస్తాను." ఆయమ్మకు చదువు రాదు గదా. నాచేత చదివించుకొని, చదివించుకొని నోటికి పట్టిందంట. అప్పుడుబట్టి మన తలుపుకు గడె పెట్టనీయడం లేదు.