పోగు తప్పిన చీర

నవంబరు 1999, శుక్రవారం రాత్రి
వాషర్‌మెన్‌పేట్

ఇంటర్నెట్ వేలం సైటు వాళ్లు జవాబిచ్చారు. నేను అమ్మకానికి పెట్టిన ఆకుపచ్చ నూలు చీరను తీసేశారు. నా ఫోటోనే దొంగిలించి, అదే చీర తనదని పెట్టినవాడి పేజీ మాత్రం చెక్కుచెదరలేదు. దాని కింద నాలుగు పేర్లతో వాడే రాసుకున్న పొగడ్తలు కూడా అలాగే ఉన్నాయి.

పోయిన వారం బ్రౌజింగ్ సెంటర్‌లో కూర్చుని ఎంత ఓపిగ్గా ఫిర్యాదు రాశాను! ఫోటోలో పైట దగ్గర పోగు తప్పి ఉంది, ఆ చీర నా దగ్గరే ఉంది, ఆ లోపం నేను ముందే చెప్పాను అని. అంతా చదివి వాళ్లు పట్టుకున్నది లోపమన్న మాట ఒక్కటే. లోపమున్న సరుకు పెట్టకూడదట, రూలట. వాడు ఏ లోపమూ లేదని రాశాడు కాబట్టి వాడిది మంచి చీర!

మా చీరల కొట్టు ఎత్తేసినా నాయనకు అలవాటు పోలేదు. ముందు లోపం చూపించాలి, తర్వాతే ధర చెప్పాలి. సాయంత్రం నీలం చీరను కిటికీ వెలుగులో పట్టుకుని పిలిచాడు.

"పాపా, ఈడ చూడు. కుచ్చిళ్ల కాడ ఒక పోగు తప్పుండాది. మర్చిపోకుండా రాసెయ్ మా."

"రాస్తాలే నాయనా" అన్నాను. జవాబు సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

రేపు ఆ చీర సైటులో పెట్టాలి. కుచ్చిళ్లలో మడతపడిపోతుంది, ఎవరికీ కనబడదు.

నాయనకు మాటిచ్చాను కాబట్టి రాస్తున్నాను. నీలం చీర, కుచ్చిళ్ల దగ్గర ఒక పోగు తప్పింది.

ఇక్కడే రాస్తున్నాను. అక్కడ రాయను.