పెళ్లిపరుపు కుర్చీ

మిలాన్, మార్చి 9

అమ్మా, నా కోడిగీతలకూ తప్పులకూ ఏమనుకోకు, సంతోషంతో గబగబా రాసేస్తున్నాను. మా ఆయన ఒత్తావియో చేసిన కాళ్లులేని కుర్చీ ఫ్యాక్టరీ యజమానికి నచ్చింది! ఇదీ కాదంటే ఆయన మళ్లీ సమాధుల నమూనాలు గీసుకోవాల్సిందే. కుర్చీలో కూరడానికి ఏమీ లేక, పెళ్లికి నువ్విచ్చిన పరుపు విప్పి అందులోని ఉన్ని అంతా కూరి నేనే కుట్టాను.

యజమాని మా ఇంటికొచ్చి చూడగానే, "ఏమయ్యా, ఇది కుర్చీయా, పడుకున్న ఆవా?" అన్నాడు. కూర్చున్నాక, "లేవబుద్ధి కావడం లేదయ్యా, యాభై చేయిద్దాం" అన్నాడు. "కుట్టింది మా ఆవిడ" అని ఈయన చెబుతుంటే నేను వంటింట్లో దాక్కున్నాను.

పరుపులు కుట్టే వంకర సూది పంపు. చెల్లి దగ్గు తగ్గిందా? అందరికీ ముద్దులు. కుర్చీ ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది, మేం నేలమీద పడుకుంటున్నాం. పోస్టుమాన్ ఎలాగూ చదివేసి ఉంటాడు, పరుపు విప్పిన సంగతి నాన్న చదవకముందే ఈ కార్డు పొయ్యిలో వేసెయ్యి.

నీ నీవెస్