నువ్వు కట్టిన పళ్ళు

చిట్టితల్లీ, అమ్మమ్మ రాస్తున్నాను. నా అక్షరాలు వంకరగా ఉంటాయి, ఓపిగ్గా చదువుకో.

నీ పళ్ళ డాక్టరు చదువు ఆ దేశంలో చెల్లదటగా. మళ్ళీ మొదటినుంచి చదవాలంటే ఏళ్ళు పడుతుందని మీ అమ్మ చెప్పింది. అందుకని ఆసుపత్రుల లెక్కలు చూసే చదువులో చేరాలనుకుంటున్నావట, అదైతే ఉద్యోగం త్వరగా దొరుకుతుందట. అంటే ఇక ఎవరికీ పళ్ళు కట్టవన్నమాట. అది విన్నప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు.

నాకు పళ్ళు కట్టి, “ఏదీ, ఒకసారి నవ్వు పెళ్ళికూతురా” అన్నావు. మీ తాతయ్య పోయాక నేను నవ్వింది అప్పుడే. నేను నవ్వితే నువ్వు ఏడ్చావు.

సరే తల్లీ, ఆ లెక్కల చదువే చదువు. చంటిపిల్లతో మీ ఆయన ఒక్క జీతం మీద ఎన్నాళ్ళు నెట్టుకొస్తారు? నేను వద్దంటే ఆగిపోతావని మీ అమ్మ భయం. నేను వద్దనను.

కింది పళ్ళు చిగుళ్ళకు ఒరుసుకుంటుంటే మొన్న మీ అమ్మ ఇంకో డాక్టరుకు చూపించింది. మంచివాడే, కంగారుపడకు. “ఎవరు కట్టారండీ, ఇంత చక్కగా?” అన్నాడు. నోట్లో అతని చెయ్యి ఉండి, మా మనవరాలని చెప్పలేకపోయాను. చెయ్యి తీశాక కూడా చెప్పలేకపోయాను.

అమ్మమ్మ