ఎడమవైపు ఏమైంది?

ఒనొమిచి, జూన్ 9

షియోమి చిగుసా గారికి,

వానలు మొదలయ్యాయి. మీ గుమ్మం పక్కన కుండీల్లో నీలిపూలు బాగా విచ్చుకున్నాయి. నేను చూసే చెబుతున్నాను.

నా పేరు కురామోచి తేయిజి. వయసు డెబ్భై మూడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు పోలీసు శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఈ ఊళ్ళోనే, రేవు వైపు ఉంటాను.

మూతపడిన టోఫు కొట్టు మేడమీద మీరు ఒంటరిగా ఏం తయారుచేస్తున్నారో నాకు తెలిసింది. కూరల కొట్టు గోడకి మీరు గుచ్చిన చీటీ చూశాను. "'షిరాయితో' (తెల్లదారం) కుట్టుగది. ఆడవారి లోదుస్తులు కొలత తీసుకుని చేత్తో కుడతాం" అని ఉంది. ఆ చీటీ ఇప్పుడు నా దగ్గరుంది.

పోయిన వారం మంగళ, గురు, శనివారాలు, పొద్దున పది నుంచి పదకొండు దాకా, మీ ఎదురుగా ఉన్న గొడుగుల కొట్టు చూరు కింద నిలబడ్డాను. నాకు గొడుగు అక్కర్లేదు.

మీతో ఒక పని ఉంది. అది నోటితో చెప్పేది కాదు. కాగితం మీద కూడా అంతా పెట్టలేను. జవాబు రాయండి. కవరు మీద పంపినవారు "గాలాల కొట్టు" అని వేయండి. మా ఇంట్లో ఉన్న మనిషికి ఏమీ తెలియకూడదు.

ఉంటాను,
కురామోచి తేయిజి

తా.క. మీ మెట్లు పదకొండు. ఏడోది వదులుగా ఉంది.


జూన్ 12

పెద్దలు కురామోచి గారికి చిగుసా వణుకుతూ రాస్తున్నది,

ముందు క్షమించండి. దేనికో మీకు తెలిసే ఉంటుంది కాబట్టి అన్నీ నేనే చెప్పేస్తాను.

మేడమీద వెదురు కర్రకి ఆరేసినవి నావే. రంగు వేసిన పట్టు నీడలో ఆరాలి, నాకున్న కాస్త నీడా వీధివైపే ఉంది. వీధి సంఘం వాళ్ళు ఇంటింటికీ తిప్పే అట్ట మీద "కొందరు మేడల మీద చూడరానివి ఆరేస్తున్నారు" అని రాసి పంపారు కదా, అందరితోపాటు నేనూ సంతకం పెట్టాను. పక్కన "నిజమే, సిగ్గుచేటు" అని కూడా రాశాను. ఆ చేతిరాత నాదే. మీరు ఈపాటికి పోల్చుకునే ఉంటారు.

నేను పద్నాలుగేళ్ళు ఒక ఫ్యాక్టరీలో బ్రాలకి ఎడమ భుజం పట్టీలు కుట్టాను. ఎడమవి మాత్రమే. కుడివి ఎవరు కుట్టేవారో ఈనాటికీ తెలీదు. ఫ్యాక్టరీ వేరే దేశానికి వెళ్ళిపోయాక, ఒక్కసారైనా మొత్తం వస్తువు మొదటినుంచి చివరిదాకా నా చేత్తో కుట్టాలనిపించింది. చేసిన నేరం ఇంతే.

ఇంకొకటి ఉంది. టేబుల్ క్లాత్‌లు కుడుతున్నానని మూడేళ్ళ నుంచి మా నాన్నకి చెబుతున్నాను. తన పడవ దిగిన ప్రతివాడికీ ఆయన "మా అమ్మాయి టేబుల్ క్లాత్‌లకి పెట్టింది పేరు" అని చెబుతుంటాడు. ఆయనకి మాత్రం చెప్పకండి. గుండె జబ్బు మనిషి.

గది ఖాళీ చెయ్యమంటే చేసేస్తాను. కొలతల పుస్తకం కాల్చెయ్యమంటే కాల్చేస్తాను. కానీ అందులోని ఆడవాళ్ళ పేర్లు మాత్రం ఎవరడిగినా చెప్పను. దయచేసి మీరు గట్టిగా అడగకండి.

భయంతో,
షియోమి చిగుసా

తా.క. ఏడో మెట్టుకి మేకులు కొట్టాను. మీరు ఎప్పుడు ఎక్కారండీ?


జూన్ 15

షియోమి గారికి,

మీ ఉత్తరం చేరింది. గాలాల కొట్టు పేరు చక్కగా రాశారు.

మీరు ఒప్పుకున్నవాటిలో ఒక్కటీ నేను అడగలేదు. అయినా ఒప్పుకున్నారు కాబట్టి గుర్తుంచుకుంటాను. తండ్రితో అబద్ధం చెప్పడం మంచిది కాదు. అది అలా ఉంచుదాం.

నాకు రాయడం ఒక్క తీరులోనే వచ్చు. అలాగే రాస్తున్నాను.

వ్యక్తి: స్త్రీ. వయసు డెబ్భై. ఫిబ్రవరి నుంచి గుమ్మం దాటలేదు. నేను రోజంతా కనిపెట్టుకునే ఉన్నాను.

కొలతలు: మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుండగా గాలం దారంతో తీశాను. మూడు ముక్కలు, ముడులతో సహా ఇందులో పెట్టాను.

కుడివైపు: ఉంది.

ఎడమవైపు: లేదు.

అంతకు మించి నా చెయ్యి సాగడం లేదు. మీ పని శుభ్రంగా ఉంటుందనీ, ఒంటి మీద ఎక్కడా గుర్తు పడదనీ కూరల కొట్టావిడ ఎవరితోనో అంటుంటే విన్నాను. నాకు అలాంటి చెయ్యే కావాలి. పని అయ్యేదాకా ఆమెకి తెలియకూడదు. తెలిస్తే ఒప్పుకోదు.

ఎన్నాళ్ళలో అవుతుందో రాయండి.

కురామోచి తేయిజి

తా.క. రెండో ముడి వేస్తుంటే ఆమె కదిలింది. బీరువా పక్కన ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఈసారి ఇంకా జాగ్రత్తగా ఉంటాను.


జూన్ 17

కురామోచి గారికి,

గడియ వేసుకుని, తలుపుకి కుట్టుమిషను అడ్డం పెట్టి ఇది రాస్తున్నాను. మీరు పంపిన దారం ముక్కల్ని చెక్క గరిటెతో ఎత్తి టీ డబ్బాలో వేసి మూత పెట్టాను. చేత్తో ముట్టుకోలేదు.

అయ్యా, నేను కుట్టుపనిదాన్ని. మీరు అనుకుంటున్న పని నాకు రాదు. ఆ పెద్దావిడ ఎవరో నాకు తెలీదు, కానీ ఫిబ్రవరి నుంచి గుమ్మం దాటలేదంటే ఆవిడకి ఎండ తగిలి ఎన్నాళ్ళయిందో ఆలోచించండి. ఆమెని వదిలేయండి. మీకు చేతులెత్తి మొక్కుతాను. ఇష్టమైతే మా వీధి అట్ట మీద నా పేరు పెద్దక్షరాలతో రాయించండి, మా నాన్నకి అంతా చెప్పేయండి, నేనేమీ అనుకోను. ఆమెని మాత్రం వదిలేయండి.

ఇరవై రెండో తారీఖులోగా ఆవిడ క్షేమంగా ఉన్నట్టు కబురు రాకపోతే పోలీసులకి చెబుతాను. ఈ వాక్యం రాశాక మీరే పోలీసని గుర్తొచ్చి కాసేపు నేలమీద కూర్చుండిపోయాను. అయినా చెబుతాను. పక్క ఊరి పోలీసులకి చెబుతాను.

షియోమి చిగుసా

తా.క. ఎడమవైపు ఏమైంది?


జూన్ 20

చిగుసా గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ తర్వాత నేను రాసింది ఒకసారి తల్చుకున్నాను. నేనే పోలీసుగా ఉండి ఆ ఉత్తరం నా చేతికి వస్తే, రాసినవాణ్ణి ఆ పూటే పట్టుకొచ్చేవాణ్ణి.

ఆమె మా ఆవిడ. పేరు తొవాకో. నలభై ఆరేళ్ళుగా మా ఆవిడ. ఫిబ్రవరిలో ఆపరేషను చేసి ఎడమ రొమ్ము తీసేశారు. ఇదిగో, రాశాను. ఆ మాట రాయడానికి రెండు కాగితాలు పాడయ్యాయి.

ముప్ఫై ఏళ్ళుగా ప్రతి శుక్రవారం ముగ్గురు స్నేహితురాళ్ళతో కలిసి ఊరి వేడినీళ్ళ స్నానశాలకి వెళ్ళేది. వాళ్ళ నవ్వులు మగవాళ్ళ వైపు గోడ దాటి నాకు వినిపించేవి. ఇప్పుడు వెళ్ళడం లేదు. కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఒక భుజం కిందికి జారి ఉంటుంది. ఒకరోజు అద్దం ముందు నిలబడి మేజోడు చుట్టి రవిక లోపల పెట్టుకుని చూసుకుంటోంది. నన్ను చూసింది. నేను పేపరు కోసం వెతుకుతున్నట్టు నటించాను. పేపరు నా చేతిలోనే ఉంది.

ఒకసారి రేవులో ఒకడు చేపల కత్తి ఎత్తి నా మీదికి వచ్చాడు. అప్పుడు నాకు భయం వెయ్యలేదు. ఇప్పుడు ఆమె దగ్గితే భయం. దగ్గకుండా నిశ్శబ్దంగా ఉంటే ఇంకా భయం. మీ చీటీ చూసినప్పుడు ఒక్క పని చెయ్యగలననిపించింది. ఆ శనివారం ఏడు మెట్లు ఎక్కాను. పైనుంచి ఆడవాళ్ళ మాటలు వినిపించాయి. దిగిపోయాను.

మిమ్మల్ని బెదిరించాలని కాదు. నాకే బెదురు.

క్షమాపణలతో,
తేయిజి

తా.క. ఆమె క్షేమం. ఇప్పుడే వంటింట్లోంచి, "గాలాలవాళ్ళతో ఇన్ని ఉత్తరాలేంటి, చేపలకి కూడా రాస్తారా?" అని అడిగింది.


జూన్ 22

కురామోచి గారికి, అమ్మగారికి కూడా (మీరు చదివి వినిపించరని తెలిసినా),

కుట్టుమిషను తలుపు దగ్గర్నుంచి జరిపాను. టీ డబ్బా తెరిచాను. మీ ముడులు నేను వేసినా అంత కచ్చితంగా రావు.

తప్పకుండా కుడతాను. వెనక హుక్కులు పెట్టను. ఆపరేషనైన వైపు చెయ్యి వెనక్కి తిరగదు, అందుకని ముందే పెడతాను. కుట్లన్నీ బయటివైపు తిప్పేస్తాను, మచ్చకి తగిలే చోట మెత్తటి పాత పట్టు ఒక్కటే ఉంటుంది. ఎడమ కప్పులో చిన్న సంచీ కుట్టి, దూదితోపాటు సన్నటి గాజుపూసలు పోస్తాను. ఒట్టి దూదైతే బరువుండదు, భుజం జారిపోతూనే ఉంటుంది. బరువు సరిపోవాలంటే కుడివైపుది తెలియాలి. వద్దు, మీరు తూచకండి. దయచేసి తూచకండి. ఆవిడ పాత బ్రా ఒకటి తెచ్చి ఏడో మెట్టు మీద పెట్టి వెళ్ళండి, నేను తెర వెనకే ఉంటాను, మీ వైపు చూడను.

మీ ఉత్తరం చదివాక మా నాన్న దగ్గరికి వెళ్ళి నిజం చెప్పేశాను. ఆయన వల బాగుచేసుకుంటూ తలెత్తలేదు. "టేబుల్ క్లాత్‌కి హుక్కులెందుకమ్మా అని ఈ మూడేళ్ళలో నేనెప్పుడైనా అడిగానా?" అన్నాడు.

మీ
చిగుసా

తా.క. పోలీసులకి చెబుతానన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. పక్క ఊరి స్టేషను దాకా వెళ్ళి, గుమ్మంలో నిలబడి, దారి అడిగి వచ్చేశాను.


జూలై 8

చిగుసా గారికి,

ఈ ఉత్తరం గాలాల కొట్టు నుంచి కాదు. నేను కురామోచి తొవాకోని, ఆ "వ్యక్తి: స్త్రీ"ని.

మా ఆయన పంపే ప్రతి ఉత్తరానికీ నకలు రాసి పెట్టుకుంటాడు. ఉద్యోగంలో పట్టిన జబ్బు. మీవీ ఆయనవీ కలిపి, తారీఖుల ప్రకారం, గాలాల పెట్టెలో ఉన్నాయి. అన్నీ చదివాను. ఆ కునుకు కూడా నిజం కునుకు కాదు. గాలం దారం చల్లగా ఉంటుంది కదా, మెలకువ వచ్చేసింది. ముసలాయన దానితో ఏం చేస్తాడోనని నిజంగానే భయపడ్డాను. మెడ జోలికి రాలేదని ఊరుకున్నాను.

మీరు కుట్టింది మొన్న తెచ్చాడు. పేపర్లో చుట్టి, "చేపలు" అని నా ఒళ్ళో పెట్టి, వానలో పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. వేసుకున్నాను. అయిదు నెలల తర్వాత నా రెండు భుజాలూ ఒక్క ఎత్తున నిలిచాయి. అద్దం ముందు ఎంతసేపు ఉన్నానో తెలీదు. ఆయన తడుస్తున్నాడన్న సంగతే మర్చిపోయాను. లోపలికి వచ్చాక "చేపలు బాగున్నాయి" అన్నాను. తువ్వాలు మొహం మీద కప్పుకుని చాలాసేపు తుడుచుకున్నాడు.

ఇప్పుడు మీకొక్కరికే ఒక సంగతి. నేను గుమ్మం దాటలేదన్నది మా ఆయన నమ్మకం. ఆయన కళ్ళ ముందు దాటలేదు, అంతే. నేను లేస్తే ఆయనా లేస్తాడు. చెప్పుల్లో కాలు పెడితే మొహం పాలిపోతుంది. ఆ మొహం చూడలేక కూర్చుండిపోయాను. ఆయన మీ ఎదురుగా చూరు కింద కాపలా కాసిన రోజుల్లో నేను హాయిగా స్నానశాలకి వెళ్ళొచ్చాను. స్నేహితురాళ్ళు ముందు ఎటు చూడాలో తెలియక నీళ్ళలోకి చూశారు. చివరికి వాళ్ళలో ఒకావిడ, యసుఎ, "నీకు ఇకనుంచి సబ్బు ఎక్కువ రోజులొస్తుంది" అంది. నలుగురం నవ్వి నవ్వి ఏడ్చాం.

అసలు సంగతి ఇది. ఈ నెల ఇరవై నాలుగున మళ్ళీ ఆసుపత్రికి రమ్మన్నారు. ఆపరేషనప్పటి ఎక్స్‌రేలు మళ్ళీ చూస్తే కుడివైపు ఏదో ఉందేమోనని అనుమానమట. ఆయనకి చెప్పలేదు. చెబితే అక్కడ నేను ఆయన్ని పట్టుకుని కూర్చోవాలి. అలాగని ఒంటరిగా వెళ్ళలేను. నాకు భయంగా ఉంది చిగుసా గారూ. ఈ మాట ఇంకెవరితోనూ అనలేదు.

మీరు వస్తారా? ధైర్యస్థులు నాకొద్దు, వాళ్ళు "ఏం కాదు, ఏం కాదు" అంటారు. మీరు వణుకుతూనే, తలుపుకి మిషను అడ్డం పెట్టుకుని, ముక్కూ మొహం తెలియని ముసలిదాని కోసం ఒక పోలీసుకి "ఆమెని వదిలేయండి" అని రాశారు. అలాంటి మనిషి నా పక్కన కూర్చోవాలి. ఆ రోజు ఆయన్ని మీ నాన్నగారి పడవలో చేపలకి పంపిద్దాం. సాయంత్రం ఏ కబురైనా నేనే చెప్పుకుంటాను.

వస్తారన్న ఆశతో,
తొవాకో

తా.క. ఆ రోజుకి ఇంకొకటి కుట్టండి. తెలుపు వద్దు, లేత గులాబీ అసలే వద్దు. ఎరుపు, కళ్ళు చెదిరే ఎరుపు. ఎప్పుడూ నేనే భయపడాలా? ఆ డాక్టరు కూడా ఒక్కసారి అదిరిపడాలి.