వంటింటి గోడలో కంత

మెట్‌పల్లి, ఆదివారం

పద్మలతక్కకు,

పెద్దపల్లిలో బాగున్నావనుకుంటాను. ఇంటర్ సెలవుల్లో మనం కంప్యూటర్‌లో తుపాకుల ఆట కోసం మా ఇంటినే మ్యాపుగా కట్టాం, గుర్తుందా? మగ్గాల షెడ్డు, నువ్వు నక్కి కాల్చే నూలు మూటలు, అన్నీ ఆ పాత ఫైల్లో అట్లాగే ఉన్నాయి. దాన్నిప్పుడు కొత్త ఆటలోకి మారుస్తున్నాను. ఒక్కచోట ఆగిపోయింది.

మన రెండు వంటిళ్ల నడిమి గోడకు కంత ఉండేది కదా. "శంకరవ్వా, గీ పచ్చిపులుసు జర రుచి చూడు" అంటూ మా అవ్వ మీ అవ్వకు గిన్నె అందించేది. మీ బాపు, మా బాపు కొట్లాడుకుని దాన్ని ఇటుకలతో మూసేశారు. ఫైల్లో మాత్రం తెరిచే ఉంది. అవతల ఏమీ లేని కంతను కొత్త ఆట ఒప్పుకోదట, మూసెయ్యమంటోంది.

నాకు చేతులు రాలేదు. అవతల మీ వంటిల్లు కట్టినా చాలు, ఆట నడుస్తుంది. "మా దిక్కు దసరాకు కడదాం" అన్నావు అప్పుడు. అంతలోనే కొట్లాటయింది. మీ పొయ్యి ఏ గోడకుండేదో యాదికి రావడం లేదు.

మీ అవ్వకు ఒక మాట చెప్తావా? టేపు పట్టుకుని పోయి కొలుచుకుంటాను. వట్టి చేతులతో పోనులే. మా అవ్వ ఇప్పటికీ పచ్చిపులుసు రెండిళ్లకు సరిపోను చేస్తుంది.

నీ తమ్ముడు